డీజిల్ పుల్లింగ్ ట్రక్కుకు టర్బోచార్జర్ ఎంపిక

పరిచయం

గత భాగంలో టర్బోచార్జర్ నిర్మాణాన్ని, కంప్రెసర్ మ్యాప్‌ను చదివే పద్ధతిని తెలుసుకున్నారు. ఆ పరిజ్ఞానాన్ని ఒక నిజమైన సమస్యకు అన్వయించడం ఈ భాగం ఉద్దేశం. లారీకో జనరేటర్‌కో టర్బో ఎంపిక చేసేటప్పుడు ఇంధన పొదుపు, పొగ నిబంధనలు, లక్షల కిలోమీటర్ల మన్నిక వంటి అనేక షరతులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. పుల్లింగ్ ట్రక్కులో షరతులు తక్కువ. అందుచేత గాలికి, ఇంధనానికి, పీడనానికి ఉన్న సంబంధం దాచుకోవడానికి చోటు లేకుండా బయటపడుతుంది. ఈ ఉదాహరణను ఎంచుకోవడానికి కారణం అదే.

పుల్లింగ్ అనేది అమెరికా వ్యవసాయ రాష్ట్రాల్లో పుట్టిన పోటీ. ఒహాయో రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్ పట్టణంలో 1967 నుంచి పెద్ద ఎత్తున జరుగుతోంది. మొదట ట్రాక్టర్లతో మొదలై, తరువాత పికప్ ట్రక్కులకూ వ్యాపించింది. మన పల్నాడు, ప్రకాశం ప్రాంతాల్లో సంక్రాంతికీ తిరునాళ్లకూ జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి దీని స్వభావం వెంటనే అర్థమవుతుంది. ఒక్క తేడా ఉంది. బండలాగుడులో బండ బరువు మారదు. నిర్ణీత సమయంలో జత ఎంత దూరం లాగిందన్నదే లెక్క. పుల్లింగ్‌లో లాగే స్లెడ్ మీద ఒక బరువుల పెట్టె ఉంటుంది. మొదట అది వెనుక చక్రాల పైన ఉంటుంది. ట్రక్కు కదిలేకొద్దీ ఆ పెట్టె ముందుకు జరిగి, నేలకు ఆనిన ఇనుప పలక మీదికి భారం మోపుతుంది. ఘర్షణ అడుగడుగుకూ పెరుగుతుంది. 300 అడుగులు, అంటే సుమారు 91 మీటర్లు లాగితే పూర్తి పుల్ అంటారు. ఇదంతా సాధారణంగా 10 నుంచి 15 సెకన్లలో ముగుస్తుంది.

ఈ పెరిగే భారమే టర్బో ఎంపికను కష్టతరం చేస్తుంది. ఈ విషయానికి మళ్లీ వస్తాము.

ఉదాహరణకు తీసుకున్న ఇంజను

1994–98 మధ్య డాడ్జ్ రామ్ పికప్‌లలో వచ్చిన 5.9 లీటర్ల కమ్మిన్స్ ఇంజన్‌ను తీసుకుందాం. ఇందులో వరుసగా ఆరు సిలిండర్లు, మొత్తం 12 వాల్వులు. సిలిండర్ వ్యాసం 102 మి.మీ., స్ట్రోక్ 120 మి.మీ. లెక్కిస్తే మొత్తం ఘనపరిమాణం 5,883 ఘన సెం.మీ. వస్తుంది. ఇది మనకు పరాయిది కాదు. ఇదే బి-శ్రేణి ఇంజన్లను జంషెడ్‌పూర్‌లోని టాటా కమ్మిన్స్ తయారు చేసింది. మన రహదారుల మీద తిరిగిన టాటా లారీలలో చాలా వాటికి గుండెకాయ ఇదే. కాబట్టి మీ ఊరి మెకానిక్ షెడ్డులో దీని దగ్గరి బంధువును చూసే ఉంటారు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దీని సామర్థ్యం, మోడల్‌ను బట్టి, 160 నుంచి 215 అశ్వసామర్థ్యం. దానిపై ఉండే హోల్సెట్ హెచ్‌ఎక్స్ 35 టర్బోలో కంప్రెసర్ చక్రం గాలి పీల్చుకునే వైపు వ్యాసం 54 మి.మీ., టర్బైన్ హౌసింగ్ 12 చ.సెం.మీ. మన లక్ష్యం 600 అశ్వసామర్థ్యం అనుకుందాం. ఇది అసాధారణమైన లక్ష్యం కాదు. పోటీ ట్రక్కులలో మధ్యస్థం కంటే తక్కువే.

ముందు ఇంధనం, తరువాత గాలి

విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న: “ఏ టర్బో పెడితే ఎంత శక్తి వస్తుంది?” ప్రశ్నే తలకిందులుగా ఉంది. టర్బో శక్తినివ్వదు. శక్తినిచ్చేది ఇంధనం. ఆ ఇంధనం దహనం కావడానికి కావలసిన గాలిని అందించడమే టర్బో పని. పంపు, ఇంజెక్టర్లు ఎంత ఇంధనం ఇవ్వగలవో తెలియకుండా టర్బో కొనడం, ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టకుండా వంటకు ఎసరు పెట్టడం లాంటిదే. పెద్ద టర్బో, చిన్న ఇంజెక్టర్లు ఉన్న ట్రక్కు మామూలు ట్రక్కు కంటే మందకొడిగా నడుస్తుంది. చిన్న టర్బో, పెద్ద ఇంజెక్టర్లు ఉంటే నల్లని పొగ, అతివేడి, చివరకు కరిగిన పిస్టన్.

లెక్క ఇలా సాగుతుంది. 600 అశ్వసామర్థ్యం అంటే 447 కిలోవాట్లు. ఈ తరహా ఇంజన్ పూర్తి భారంలో కిలోవాట్-గంటకు సుమారు 230 గ్రాముల డీజిల్ వాడుతుందనుకుంటే, గంటకు 103 కి.గ్రా. ఇంధనం కావాలి. 3,000 ఆర్‌పీఎం వద్ద నిమిషానికి 9,000 ఇంజెక్షన్లు జరుగుతాయి. ఒక్కో ఇంజెక్షన్‌కు 190 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 228 ఘన మిల్లీమీటర్ల డీజిల్. పంపు ఇంత ఇవ్వగలదా అన్నది మొట్టమొదట తేల్చుకోవాలి. ఈ ఇంజన్‌పై వచ్చే బాష్ పి7100 వరుస పంపును సవరించి ఇంతకంటే ఎక్కువ తీసుకునేవారు ఉన్నారు. పుల్లింగ్ లోకంలో ఈ ఇంజన్‌కు ఉన్న ఆదరణకు ముఖ్య కారణం ఆ పంపే.

ఇప్పుడు గాలి. ఒక కి.గ్రా. డీజిల్ సంపూర్ణ దహనానికి సుమారు 14.5 కి.గ్రా. గాలి చాలు. అయితే డీజిల్ ఇంజన్‌లో ఇంధనం, గాలి కలవడానికి దొరికే వ్యవధి చాలా తక్కువ. అందుచేత కొంత గాలి మిగులు ఉండాలి. గాలి–ఇంధన నిష్పత్తి 20 అని తీసుకుందాం. అప్పుడు కావలసిన గాలి గంటకు 2,058 కి.గ్రా., అంటే నిమిషానికి 34.3 కి.గ్రా. పోటీదారులు ఈ నిష్పత్తిని 18కి, అంతకంటే కిందికి కూడా దించుతారు; శక్తి కొంత పెరుగుతుంది, పొగ చాలా పెరుగుతుంది. నా అభిప్రాయంలో నేర్చుకునేవారు 20 వద్ద మొదలుపెట్టడమే మేలు.

కావలసిన పీడనం

నిమిషానికి 34.3 కి.గ్రా. గాలి ఇంజన్‌లోకి దూరాలంటే మానిఫోల్డ్‌లో ఎంత పీడనం ఉండాలి? నాలుగు స్ట్రోక్‌ల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి సిలిండర్లను నింపుతుంది. 3,000 ఆర్‌పీఎం వద్ద నిమిషానికి 1,500 సార్లు. ఘనపరిమాణ దక్షత 0.90 అనుకుంటే నిమిషానికి లోపలికి వెళ్లే ఘనపరిమాణం 1,500 × 0.005883 × 0.90 = 7.94 ఘనమీటర్లు. కాబట్టి గాలి సాంద్రత ఘనమీటరుకు 4.32 కి.గ్రా. ఉండాలి. బయటి గాలి సాంద్రత 1.13 దగ్గర ఉంటుందని గుర్తుంచుకుంటే, ఎంత కుదించాలో ఊహించవచ్చు.

ఇంటర్‌కూలర్ తరువాత గాలి ఉష్ణోగ్రత 65 డిగ్రీల సెల్సియస్, అంటే 338 కెల్విన్ అనుకుందాం. ఆదర్శ వాయు సమీకరణం ప్రకారం పీడనం = 4.32 × 287 × 338. ఇది సుమారు 419 కిలోపాస్కల్. ఇది పరమ పీడనం. ఒహాయో వంటి ప్రాంతంలో వాతావరణ పీడనం సుమారు 98 కిలోపాస్కల్ కనుక గేజి మీద కనిపించే బూస్ట్ 321 కిలోపాస్కల్, పుల్లింగ్ చేసేవారి భాషలో దాదాపు 47 పి.ఎస్.ఐ.

కంప్రెసర్ ఇంకొంచెం ఎక్కువ శ్రమించాలి. ఇంటర్‌కూలర్‌లో 14 కిలోపాస్కల్ నష్టం, గాలి వడపోతలో 3 కిలోపాస్కల్ నష్టం కలుపుకుంటే, కంప్రెసర్ 95 వద్ద పీల్చి 433 వద్ద వదలాలి. పీడన నిష్పత్తి 4.56. గేజి బూస్ట్‌ను వాతావరణ పీడనంతో భాగించి పీడన నిష్పత్తి అని రాయడం పరీక్షల్లో తరచుగా కనిపించే పొరపాటు. రెండూ పరమ పీడనాలే కావాలి. హైదరాబాదులో వాతావరణ పీడనమే దాదాపు 95 ఉంటుంది. అదే ట్రక్కు ఇక్కడ అదే బూస్ట్ చూపాలంటే కంప్రెసర్ మరికాస్త ఎక్కువ నిష్పత్తి ఇవ్వాలి.

ఇప్పుడు మీ దగ్గర మ్యాప్ మీద పెట్టవలసిన బిందువు ఉంది: నిమిషానికి 34.3 కి.గ్రా., నిష్పత్తి 4.56. ఒక్క టర్బోకు ఇది ఎత్తైన బిందువే.

ముఖద్వారం విధించే హద్దు

పుల్లింగ్ తరగతులను విడదీసే పద్ధతి ఆసక్తికరమైనది. శక్తిని కొలిచి తరగతులు పెట్టరు. కంప్రెసర్ చక్రం పీల్చుకునే ముఖద్వారం వ్యాసాన్ని పరిమితం చేస్తారు: ఒక తరగతికి 2.5 అంగుళాలు, మరొక దానికి 2.6, ఇంకొక దానికి 3.0. తనిఖీ అధికారి ఆ కొలత గల బిళ్లను నోట్లో పెట్టి చూస్తాడు. అది చక్రాన్ని దాటి లోపలికి పోకూడదు. క్లబ్బును బట్టి కొలతలు, షరతులు మారతాయి. కొన్ని చోట్ల ముఖద్వారం గోడలో అదనపు గాడి లేకుండా నునుపుగా ఉండాలని కూడా షరతు ఉంటుంది. కనుక కొనడానికి ముందు మీరు ఆడబోయే క్లబ్బు నిబంధనల పుస్తకం చదవాలి. దుకాణదారుడి మాట చాలదు.

ఈ నిబంధన వెనుక భౌతికశాస్త్రం ఉంది. ఒక రంధ్రం గుండా గాలి ధ్వనివేగాన్ని చేరాక, ముందున్న పీడనం పెరగకుండా అంతకంటే ఎక్కువ ద్రవ్యరాశి వెళ్లదు. 95 కిలోపాస్కల్, 30 డిగ్రీల వద్ద ఈ హద్దు చదరపు మీటరుకు సెకనుకు సుమారు 220 కి.గ్రా. 2.6 అంగుళాలు అంటే 66 మి.మీ. వృత్త వైశాల్యం 34 చ.సెం.మీ.; మధ్యలోని నాభి, రెక్కల మందం తీసివేస్తే సుమారు 30 చ.సెం.మీ. మిగులుతుంది. దాని గుండా వెళ్లగలిగేది నిమిషానికి దాదాపు 40 కి.గ్రా. ఎంత ఖరీదైన టర్బో అయినా ఈ కొలతతో దీన్ని పెద్దగా దాటలేదు.

ఇదే లెక్క 54 మి.మీ. ఫ్యాక్టరీ టర్బోకు చేస్తే నిమిషానికి 26 కి.గ్రా. వస్తుంది. మన గాలి–ఇంధన నిష్పత్తితో అది 455 అశ్వసామర్థ్యానికి సరి. ఆచరణలో ఆ హద్దుకు చాలా ముందే దక్షత పడిపోతుంది కనుక ఆ టర్బోతో 600 అన్న మాట మరచిపోవచ్చు. 66 మి.మీ.తో అయితే 34.3 అన్నది హద్దులో సుమారు 86 శాతం. సాధ్యమే, కానీ మ్యాప్‌లో కుడి అంచు దగ్గర.

అభ్యాసం: 3.0 అంగుళాల ముఖద్వారానికి నికర వైశాల్యం 40 చ.సెం.మీ. అనుకుని హద్దు ప్రవాహాన్ని కనుక్కోండి. (జవాబు: నిమిషానికి సుమారు 53 కి.గ్రా.) ఈ టర్బోను మన 600 అశ్వసామర్థ్యపు ఇంజన్‌కు ఎందుకు సిఫారసు చేయకూడదో తరువాతి భాగం చదివాక రాయండి.

దక్షత ఎందుకు ముఖ్యం

దక్షతలో పది శాతం తేడా అంటే పెద్ద విషయం కాదనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. 30 డిగ్రీల గాలిని 4.56 నిష్పత్తికి కుదించేటప్పుడు కంప్రెసర్ దక్షత 72 శాతమైతే బయటకు వచ్చే గాలి 259 డిగ్రీలు ఉంటుంది. 62 శాతమైతే 295 డిగ్రీలు. గాలిని కుదించడానికి పట్టే సామర్థ్యం మొదటి సందర్భంలో 131 కిలోవాట్లు, రెండవదానిలో 152 కిలోవాట్లు. ఒక చిన్న చక్రం 176 అశ్వసామర్థ్యం మింగుతోందంటే చాలామంది నమ్మరు. ఆ ఇంజన్ కొత్తలో ఇచ్చిన మొత్తం శక్తికి అది దగ్గర.

ఈ శక్తి ఎగ్జాస్ట్ నుంచే రావాలి. ఎగ్జాస్ట్ వాయువు ఉష్ణోగ్రత 1,050 కెల్విన్, టర్బైన్, బేరింగుల ఉమ్మడి దక్షత 68 శాతం, టర్బైన్ తరువాత పీడనం 105 కిలోపాస్కల్ అని తీసుకుంటే, టర్బైన్ ముందు ఉండవలసిన పీడనం మొదటి సందర్భంలో 367, రెండవదానిలో 467 కిలోపాస్కల్ వస్తుంది. మానిఫోల్డ్ పీడనం 419 అని గుర్తుందా? మొదటి సందర్భంలో గాలి సిలిండర్ గుండా సులభంగా దాటిపోతుంది. రెండవ సందర్భంలో ఎగ్జాస్ట్ వైపు పీడనమే ఎక్కువ. కాలిన వాయువు సిలిండర్‌లో చిక్కుకుపోతుంది, పిస్టన్ దాన్ని నెట్టడానికి శక్తిని ఖర్చు చేస్తుంది, ఎగ్జాస్ట్ వాల్వులు స్ప్రింగుల బలానికి వ్యతిరేకంగా తెరుచుకునే ప్రమాదం ఉంది. గేజి మీద బూస్ట్ రెండింటిలోనూ ఒకటే.

అందుకే నేను బూస్ట్ గేజిని ఒక్కదాన్నే నమ్మవద్దని చెబుతాను. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు సన్నని ఉక్కు గొట్టం బిగించి మరొక గేజి పెట్టుకోండి. టర్బైన్ ముందు పీడనం బూస్ట్‌కు సమానంగా, లేదా కాస్త అటూఇటూగా ఉంటే జత కుదిరినట్టు. ఒకటిన్నర రెట్లు దాటితే టర్బైన్ హౌసింగ్ చిన్నదైనా కావాలి, కంప్రెసర్ తన పరిధి దాటి తిరుగుతూనైనా ఉండాలి.

టర్బైన్ హౌసింగ్, పెరిగే భారం

హౌసింగ్ పరిమాణాన్ని కొందరు తయారీదారులు చ.సెం.మీ.లలో, మరికొందరు వైశాల్యాన్ని వ్యాసార్థంతో భాగించిన నిష్పత్తిగా సూచిస్తారు. చిన్న హౌసింగ్ వాయువును వేగంగా చక్రం మీదికి విసురుతుంది, టర్బో త్వరగా వేగం అందుకుంటుంది, కానీ పై వేగాల్లో ఊపిరాడదు. పెద్దది దీనికి విరుద్ధం. మన ఇంజన్‌లో 1-2-3, 4-5-6 సిలిండర్ల ఎగ్జాస్ట్ రెండు వేర్వేరు దారుల్లో వస్తుంది. ఈ విభజనను చివరిదాకా కాపాడే రెండు గదుల హౌసింగ్ తీసుకుంటే తక్కువ వేగంలో స్పందన మెరుగు. చవకగా దొరికే ఒకే గది హౌసింగ్‌ను దీనికి బిగించడం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడు స్లెడ్ దగ్గరికి రండి. ఇంజన్ 3,000 వద్ద పరుగెడుతోంది, భారం పెరుగుతోంది, వేగం 2,200కు పడిపోయింది. పీడనం అదే ఉంటే గాలి ప్రవాహం 34.3 నుంచి 25.2 కి.గ్రా.కు తగ్గుతుంది. మ్యాప్ మీద బిందువు అదే ఎత్తులో ఎడమ వైపు జరుగుతుంది. నిజానికి ఎగ్జాస్ట్ శక్తి కూడా తగ్గి పీడనం కొంత దిగుతుంది. కానీ చక్రం జడత్వం వల్ల ఆ దిగుదల కాస్త ఆలస్యం. ఆ లోపు బిందువు సర్జ్ రేఖను దాటితే గాలి వెనక్కి కొడుతుంది. గట్టిగా కుక్క మొరిగినట్టు వినిపించే శబ్దం అదే. ప్రతి మొరుగూ థ్రస్ట్ బేరింగ్ మీద సుత్తిదెబ్బ. 3.0 అంగుళాల టర్బోను ఈ ఇంజన్‌కు పెడితే దాని సర్జ్ రేఖ కుడివైపు ఉంటుంది కనుక ఈ ప్రమాదం మరింత పెరుగుతుంది. అంతకంటే ముందు, బయలుదేరే గీత దగ్గర అది వేగం అందుకోవడమే కష్టం. కాబట్టి ఒక్క బిందువు కాదు, 3,000 నుంచి 2,200 వరకు మొత్తం దారిని మ్యాప్ మీద గీసి, ఆ దారి అంతా దీవుల లోపల ఉండే టర్బోను ఎంచుకోవాలి. గరిష్ఠ శక్తి ఇచ్చేది కాకపోవచ్చు. 91 మీటర్లూ లాగేది అదే.

నిబంధనలు అనుమతిస్తే రెండు టర్బోలను వరుసలో పెట్టే పద్ధతి ఉంది. ఒక్కొక్కటి 2.14 నిష్పత్తి ఇస్తే గుణించి 4.56 వస్తుంది. దీనివల్ల గాలి బాగా చల్లగా ఉంటుందని ప్రచారం ఉంది. మధ్యలో కూలర్ లేకుండా ఒక్కో దశ దక్షత 76 శాతంగా లెక్క వేస్తే చివరి ఉష్ణోగ్రత 254 డిగ్రీలు. ఒక్క టర్బో ఇచ్చిన 259కి పెద్ద తేడా లేదు. అసలు లాభం వేరు: ఏ చక్రమూ అతివేగంగా తిరగనక్కరలేదు, సర్జ్ రేఖకు దూరంగా ఉండే వెడల్పు దొరుకుతుంది.

గాలి పీల్చే చోటు కూడా ఆలోచించండి. 1952లో ఇండియానాపోలిస్ 500 రేసులో కమ్మిన్స్ డీజిల్ కారు టర్బోతో అన్నిటికంటే ముందు స్థానం నుంచి బయలుదేరింది. రేసు మాత్రం పూర్తి చేయలేదు. ట్రాక్ మీది టైరు రబ్బరు, చెత్త టర్బో ముఖద్వారంలో పేరుకుని ఊపిరాడకుండా చేశాయి. మట్టి ట్రాక్ మీద నడిచే ట్రక్కుకు ఈ సంఘటన మరింత వర్తిస్తుంది.

భద్రత

90 మి.మీ. బయటి వ్యాసం గల కంప్రెసర్ చక్రం అంచు సెకనుకు 550 మీటర్ల వేగంతో వెళ్లాలంటే అది నిమిషానికి దాదాపు 1,17,000 చుట్లు తిరగాలి. చక్రంలో ప్రతిబలం వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది: వేగం 10 శాతం పెరిగితే ప్రతిబలం 21 శాతం. వేస్ట్‌గేట్‌ను మూసివేసి “ఇంకొంచెం” రాబట్టాలనే తాపత్రయంలో ఈ 21 శాతాన్ని మరచిపోతారు. చక్రం పగిలితే ముక్కలు తుపాకీ గుళ్లలా వెళతాయి. ట్రాక్ పక్కన కుటుంబాలు కూర్చుని ఉంటాయి. టర్బో చుట్టూ ఉక్కు కవచం, ఎగ్జాస్ట్ గొట్టంలో అడ్డంగా రెండు బోల్టులు ఉండాలని నిబంధనలు కోరడం ఇందుకే. కవచం బరువు పెంచుతుందని గొణిగేవారితో వాదించవద్దు, బిగించండి.

మరొక ప్రమాదం తక్కువమందికి తెలుసు. టర్బో సీలు పోతే దాని కందెన నూనె గాలితో కలిసి సిలిండర్లలోకి చేరుతుంది. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ అవసరం లేదు కనుక ఆ నూనెనే ఇంధనంగా తీసుకుని అదుపు తప్పి పరుగెడుతుంది. డ్రైవరు ఇంధనం ఆపినా ఆగదు. దాన్ని ఆపే మార్గం గాలిని మూసివేయడం. అందుకే కంప్రెసర్‌కూ ఇంజన్‌కూ మధ్య గాలి దారిలో ఒక మూత, దాన్ని లాగడానికి డ్రైవరు చేతికి ఒక తీగ, స్లెడ్ నుంచి ట్రక్కు తెగిపోతే దానంతటదే లాగేలా మరొక తీగ ఉంటాయి. టర్బో కొనేటప్పుడే ఆ మూతకు స్థలం చూసుకుని గొట్టాలు కొలుచుకోవాలి. ఆ మూత మీ కొత్త బూస్ట్‌కు, అంటే ఇక్కడ 321 కిలోపాస్కల్‌కు తట్టుకునేదై ఉండాలి. పాత టర్బో పీడనానికి సరిపోయిన మూతను అలాగే ఉంచి ట్రక్కును గీత దగ్గరికి తీసుకువెళ్లకూడదు. ఖాళీ ఇంజన్‌తో ఒకసారి తీగ లాగి, ఇంజన్ ఆగుతుందో లేదో ప్రతి పోటీ ఉదయమూ పరీక్షించాలి.